అనులో ఉన్నదాన్ని ఏం చేయాలి?

ఇరవై ఏళ్ల కిందట వేసిన నవలకు రెండో ముద్రణ వేద్దామని రచయిత వస్తాడు. చేతిలో ఒక సీడీ, అందులో పేజ్‌మేకర్ ఫైలు. మీ కొత్త కంప్యూటర్‌లో అది తెరుచుకోదు. ఏవో తిప్పలు పడి మేటరు బయటికి లాగితే తెర నిండా ఇంగ్లీషు అక్షరాలు, వాటి నెత్తిన యాక్సెంటు గుర్తులు, మధ్యమధ్య డాలర్లు, పౌండ్లు, ఖాళీ డబ్బాలు. రచయిత ముఖం పాలిపోతుంది. "ఫైలు పాడైందండీ, మళ్లీ కంపోజ్ చేయాల్సిందే" అని మీరంటే ఆయన నమ్ముతాడు. డబ్బులూ ఇస్తాడు. కానీ ఆ మాట నిజం కాదు. ఫైలు పాడవలేదు. నవల మొత్తం అక్కడే ఉంది, ఒక్క పొల్లు కూడా పోకుండా.

డీటీపీ సెంటరు నడిపేవాళ్లకూ, అను, శ్రీలిపి వంటి పాత ఫాంట్లలో కొట్టించిన పుస్తకాలు ఇంట్లో ఉన్న రచయితలకూ, చిన్న పత్రికల సంపాదకులకూ ఈ అధ్యాయం. నేను చెప్పబోయేది ఒక్కటే. పాత ఫాంటు అచ్చు కోసం పుట్టింది, అచ్చు వరకు వాడుకోండి. రచనను మాత్రం అందులో దాచకండి.

వేషం కట్టిన ఇంగ్లీషు

అను, శ్రీలిపి, ఆకృతి, సీడాక్ వారి ఐలీప్‌తో వచ్చే ఫాంట్లు — పేర్లు వేరైనా పద్ధతి ఒకటే. అప్పటి ఫాంటులో ఉన్నవి 256 గళ్లు. కంప్యూటర్ తన అవసరాలకు పట్టుకున్నవి పోగా రెండు వందల పైచిలుకు మిగులుతాయి. గుణింతాలన్నీ, వత్తులన్నీ విడివిడిగా పెట్టాలంటే తెలుగుకు ఆ గళ్లు ఏ మూలకూ చాలవు. అందుకని ఫాంటు చేసినవాళ్లు అక్షరాన్ని ముక్కలు చేశారు. తలకట్టు ఒక గడిలో, కొమ్ము ఒక గడిలో, ఐత్వం కింది మెలిక ఇంకో గడిలో, వత్తులు మరికొన్ని గళ్లలో. ఇంగ్లీషు అక్షరం ఉండాల్సిన చోట ఒక తెలుగు ముక్క కూర్చుంది. కంప్యూటర్ లెక్కలో అది ఇప్పటికీ ఇంగ్లీషు అక్షరమే. ఫాంటు దానికి తెలుగు వేషం కట్టింది, అంతే. ఆ ఫాంటు లేని మెషీన్‌లో తెరిస్తే వేషం ఊడి లోపలి మనిషి బయటపడతాడు. రచయిత ముఖం పాలిపోయింది దాన్ని చూసే.

ఏ ముక్క ఏ గడిలో ఉండాలో ఎవరికి వాళ్లే నిర్ణయించుకోవడం రెండో చిక్కు. భారత ప్రమాణాల సంస్థ 1991లోనే ఇస్కీ అనే సంకేతాల పట్టికను ప్రమాణంగా ప్రకటించింది. కానీ అది మేటరు దాచుకోవడానికి పనికొచ్చేది, ఫాంటులో గళ్ల అమరికను శాసించేది కాదు. పేజ్‌మేకర్‌కు తెలిసిందల్లా గళ్లే. కాబట్టి ప్రమాణం ప్రమాణంగానే ఉండిపోయింది, సెంటర్లలో మాత్రం ఏ కంపెనీ ఫాంటు కొన్నవాడు ఆ కంపెనీ మనిషి అయిపోయాడు. ఒక కంపెనీ ఫాంటులో కొట్టినదాన్ని ఇంకో కంపెనీ ఫాంటులోకి మారిస్తే చెత్త వచ్చేది. ఈ ఏర్పాటు అమ్మేవాళ్లకు చేదుగా అనిపించి ఉంటుందని నేననుకోను.

అదే 1991లో వచ్చిన యూనికోడ్ తొలి ప్రమాణంలో తెలుగుకు సొంత చోటు దొరికింది. 3072 నుంచి 3199 దాకా 128 స్థానాలు. అక్కడ ముక్కల్లేవు. 'క' అని దాస్తే అది ఏ ఫాంటులోనైనా 'క'. వత్తు ఎక్కడ పడాలి, గుడి ఎలా అతకాలి అన్నది ఫాంటూ సాఫ్ట్‌వేరూ కలిసి చూసుకుంటాయి. మామూలు వాడకందార్ల చేతికి ఇది 2001లో, విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి ఫాంటు వచ్చాక అందింది. సరిగ్గా అదే ఏడాది అడోబీ సంస్థ పేజ్‌మేకర్ 7.0 విడుదల చేసి, ఆ తర్వాత దానికి పెద్ద వెర్షను ఏదీ తేలేదు. పేజ్‌మేకర్‌కు యూనికోడ్ అంటే తెలియదు. మన సెంటర్లేమో పేజ్‌మేకర్ మీదే బతికేవి. చిక్కు అక్కడ పడింది, ఇంకా పూర్తిగా వీడలేదు.

ముందు ఒక ప్రశ్న

ఫైలు చేతికి రాగానే కన్వర్టరు కోసం పరుగెత్తకండి. "ఈ మేటరుతో ఇక ముందు పనేమిటి?" అని అడగండి. జవాబును బట్టి పని మారిపోతుంది.

ఉన్నది ఉన్నట్టు రెండో ముద్రణ వేయడమే పనైతే దేన్నీ మార్చొద్దు. ఫాంట్లు ఎంబెడ్ చేసిన పీడీఎఫ్ ఎక్కడైనా ఉందేమో ముందు వెతకండి. ఉంటే ప్రెస్సుకు అది చాలు. లేకపోతే పేజ్‌మేకర్ నడిచే పాత మెషీను ఒకటి సంపాదించి, అందులో అసలు ఫాంట్లు వేసి పీడీఎఫ్ తీయండి. అడోబీ వారిదే పేజీలు కట్టే ఇంకో సాఫ్ట్‌వేరు ఇన్‌డిజైన్, సీఎస్6 వెర్షను దాకా పేజ్‌మేకర్ 6.0, 6.5, 7.0 ఫైళ్లను తెరిచేది. ఆ తర్వాతి సీసీ వెర్షన్లలో ఆ సదుపాయం తీసేశారు. సీఎస్6లో తెరిచినా లైన్లు అటూ ఇటూ జరుగుతాయి కాబట్టి విషయసూచికలో పేజీ నంబర్లు మళ్లీ సరిచూసుకోవాలి. ఇంకో సంగతి కూడా ఉంది. 2023 జనవరి నుంచి అడోబీ తన సాఫ్ట్‌వేర్లలో టైప్ 1 ఫాంట్లను ఆపేసింది. మీ పాత ఫాంటు ఫైలు పేరు చివర టీటీఎఫ్ అని ఉంటే అది ట్రూటైప్, భయం లేదు. పీఎఫ్‌బీ, పీఎఫ్‌ఎమ్ అని జంటగా కనిపిస్తే అది టైప్ 1, కొత్త ఇన్‌డిజైన్ దాన్ని గుర్తించదు.

శుభలేఖ మీద పేరో, పుస్తకం అట్ట మీద శీర్షికో పాత ఫాంటులోనే అందంగా ఉంటుందనుకుంటే అందులోనే కొట్టి, అక్షరాలను ఔట్‌లైన్లుగా మార్చేయండి. అప్పుడవి బొమ్మలు. ఏ మెషీన్‌లోనైనా అలాగే ఉంటాయి. నాలుగు మాటల పనికి ఇంతకంటే సిద్ధాంతం అక్కర్లేదు.

పుస్తకాన్ని దిద్ది కొత్త కూర్పు వేయాలన్నా, ఈబుక్ చేయాలన్నా, ఇంటర్నెట్‌లో పెట్టాలన్నా మాత్రం యూనికోడ్‌లోకి మార్చక తప్పదు. పాత ఫాంటులో ఉన్న పీడీఎఫ్‌లో ఒక మాట వెతకాలంటే దొరకదు. గూగుల్‌కు అది కనపడదు. చూపు లేని పాఠకుడు స్క్రీన్ రీడరుతో చదవబోతే అది తెలుగు చదవదు, లోపలున్న ఇంగ్లీషు పిచ్చి అక్షరాలను ఒక్కొక్కటిగా వల్లిస్తుంది. మనం ఎంత అందంగా పేజీ కట్టినా ఆ పాఠకుడి చెవికి చేరేది అదే.

కొత్త ఇన్‌డిజైన్‌లో పాత ఫాంటు

మార్చడానికి వ్యవధి లేదు, వారంలో పుస్తకం రావాలి, మేటరు అనులోనే ఉంది. సరే, కొత్త ఇన్‌డిజైన్‌లో పాత ఫాంటు వాడొచ్చు. కానీ ఆ సాఫ్ట్‌వేరుకు ఇది ఇంగ్లీషులాగే కనిపిస్తుందన్న సంగతి మనసులో పెట్టుకోండి. ఇంగ్లీషుకు అది చేసే ప్రతి ఉపకారమూ మనకు అపకారమే.

క్యారెక్టర్ ప్యానెల్‌లో భాషను 'నో లాంగ్వేజ్' చేయండి. లేకపోతే స్పెల్లింగు తప్పులని ఎర్ర గీతలు గీయడమే కాదు, ఇంగ్లీషు నిఘంటువు ప్రకారం మాటను విరిచి హైఫన్ పెడుతుంది. హైఫన్ గడిలో మీ ఫాంటుకు ఏ వత్తు ఉందో! లైను చివర అర్థంలేని వత్తు వేలాడితే కారణం అదే. కాబట్టి హైఫనేషన్ తీసేయండి. లిగేచర్లు తీసేయండి. టైపోగ్రాఫర్స్ కోట్స్ తీసేయండి, అవి కొటేషన్ గుర్తు స్థానంలో ఇంకో గడిలోని గుర్తును తెచ్చి పెడతాయి.

కెర్నింగు 'మెట్రిక్స్'లో ఉండాలి, 'ఆప్టికల్' వద్దు. వత్తులూ కొన్ని గుణింతపు గుర్తులూ తమకంటూ వెడల్పు లేకుండా ముందు అక్షరం మీదికి వాలేలా ఆ ఫాంట్లను చేశారు. ఆప్టికల్ కెర్నింగు అది చూసి రెండు అక్షరాలు ఢీకొన్నాయనుకుని దూరం జరుపుతుంది. జస్టిఫికేషన్‌లో లెటర్ స్పేసింగు మూడు గడుల్లోనూ సున్నా, గ్లిఫ్ స్కేలింగు మూడింట్లోనూ 100. లైను నిండకపోతే మాటల మధ్య ఖాళీ పెరగనివ్వండి. అక్షరాల మధ్య పెరిగితే తలకట్టు ఒక చోట, అక్షరం ఒక చోట పడతాయి.

వర్డ్‌లో పని చేస్తున్నవాళ్లకు ఇంకో గండం ఉంది. వాక్యం మొదటి అక్షరాన్ని పెద్దక్షరం చేసే ఆటోకరెక్టు. చిన్నక్షరం గడిలో ఒక తెలుగు ముక్క, పెద్దక్షరం గడిలో వేరే ముక్క. ప్రతి వాక్యం మొదట్లోనే తప్పు పడుతోందని ఎవరైనా వాపోతే టైపిస్టును తిట్టకండి, ఆటోకరెక్టు చూడండి.

160వ గడి, 173వ గడి — ఈ రెండిటినీ కొత్త సాఫ్ట్‌వేర్లు విడదీయరాని ఖాళీగానూ, కనిపించని హైఫన్‌గానూ లెక్కిస్తాయి. మీ ఫాంటు అక్కడ అక్షరాలు పెట్టుకుని ఉంటే అవి మాయమవుతాయి. పుస్తకం పొడుగునా ఒకే వత్తు కనిపించకపోతే ముందు అనుమానించాల్సింది ఈ గళ్లనే. విండోస్‌లోనూ ఒక చోట చూడండి. రీజియన్ సెట్టింగుల్లో నాన్-యూనికోడ్ ప్రోగ్రాముల భాష ఇంగ్లీషు అయి ఉండాలి, దాని కింద యూటీఎఫ్-8 అని బీటా గుర్తుతో కనిపించే గడిలో టిక్కు ఉండకూడదు. ఆ టిక్కు ఉంటే పై గళ్లలోని అక్షరాలు తారుమారైపోతాయి. ఫాంటు చెడిపోయిందని మళ్లీ మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకుంటూ కూర్చుంటాం.

మార్చేటప్పుడు

కన్వర్టర్లు ఉచితంగా చాలా దొరుకుతాయి. అచ్చు కాని రచనను ఎవరిదో తెలియని సైటులో పెట్టడం కంటే మీ మెషీన్‌లోనే నడిచేది వెతుక్కోవడం మేలు. మీ ఫాంటు వెర్షను తెలుసుకోండి. అను అంటే సరిపోదు, అను 6దో 7దో చూసుకుని దానికి తగ్గ కన్వర్టరు వాడండి.

అందరూ పొరపడే చోటు మేటరును నోట్‌ప్యాడ్‌లోకి కాపీ చేయడం. నోట్‌ప్యాడ్‌లో ఫాంటు సమాచారం పోతుంది. అప్పుడు నవల మధ్యలో నిజంగానే ఇంగ్లీషులో ఉన్న మాటకూ, తెలుగు వేషంలో ఉన్న మాటకూ తేడా తెలిసే దారి ఉండదు. కన్వర్టరు రెండిటినీ తెలుగే అనుకుని, డాక్టరు గారి డిగ్రీలనూ కంపెనీల పేర్లనూ వత్తుల కుప్పగా మార్చి పెడుతుంది. కాబట్టి మేటరు బయటికి తీసేటప్పుడు ఫాంటు సమాచారం నిలిచే ఆర్‌టీఎఫ్ వంటి రూపంలో తీయండి. తర్వాత వర్డ్‌లో ఫైండ్-రీప్లేస్‌తో ఫాంటును బట్టి వెతికి, ఇంగ్లీషు ముక్కలన్నిటికీ ముందూ వెనకా ఏదో ఒక గుర్తు పెట్టుకుని అప్పుడు మార్చండి. గంట పని. చేయకపోతే తర్వాత ప్రూఫుల్లో అంతకు ఎన్నో రెట్లు పడుతుంది.

పుస్తకం మొత్తం ఒకేసారి మార్చకండి. ముందు కష్టమైన మాటలున్న ఒక పేజీ తయారుచేసి దాన్ని మార్చి చూడండి. స్త్రీ, రాష్ట్రం, జ్ఞానం, క్షేత్రం, ఝంఝామారుతం, ఘోష, ఋషి, సంస్కృతి, దుఃఖం, ప్రైవేటు, యొక్క, మొదటి, బ్రహ్మ, హైదరాబాద్‌లో. ఈ మాటలన్నీ సరిగ్గా దాటితే ఆ కన్వర్టరును నమ్మొచ్చు.

వీటినే ఎందుకు ఎంచానంటే, ఒక్కొక్కటీ ఒక్కో రకంగా ఎదురు తిరుగుతుంది. 'స్త్రీ' సంగతి చూడండి. పాత ఫాంటు కంటికి కనపడే వరుసలో దాస్తుంది. ముందు 'సీ', దాని కింద త వత్తు, పక్కన క్రారవడి. యూనికోడ్ పలికే వరుసలో దాస్తుంది. స, త, ర కలిసి, ఆ తర్వాత గుడిదీర్ఘం. కన్వర్టరు ఆ దీర్ఘాన్ని పట్టుకుని రెండు వత్తులు దాటించి చివర పెట్టాలి. సరిగ్గా రాయని కన్వర్టరు 'సీ్త్ర' లాంటి వికారాన్ని తెచ్చి పెడుతుంది. 'ప్రైవేటు'లో ఐత్వం రెండు ముక్కలుగా ఉంటుంది, పైన ఎత్వం, కింద మెలిక, మధ్యలో క్రారవడి. ఈ మూడిటినీ సరిగ్గా కలపడం అందరు కన్వర్టర్ల వల్లా కాదు.

'హైదరాబాద్‌లో' ఇంకో రకం. పాత ఫాంటులో పొల్లు 'ద్' ఒక బొమ్మ, దాని పక్కన 'లో' ఇంకో బొమ్మ. రెండిటినీ యూనికోడ్‌లో పక్కపక్కన పెడితే అవి ఊరుకోవు, కలిసిపోయి 'హైదరాబాద్లో' అవుతాయి. మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కంటికి కనపడని అక్షరం పడాలి. సాఫ్ట్‌వేర్, ఫేస్‌బుక్ — మధ్యలో పొల్లు వచ్చే పరభాషా పదాలు చాలావరకు ఇంతే. ఇన్‌డిజైన్‌లో టైప్ మెనూలో ఇన్సర్ట్ స్పెషల్ క్యారెక్టర్, అందులో అదర్ కింద 'నాన్-జాయినర్' అని ఉంటుంది. దానికి ఒక షార్ట్‌కట్ పెట్టుకోండి, రోజూ పని పడుతుంది.

ఇవన్నీ కన్వర్టరు తప్పులు. టైపిస్టు తప్పులు వేరే ఉన్నాయి, అవే మొండివి. పాత ఫాంట్లలో కంటికి సరిపోతే చాలు. సున్న బదులు గుండ్రంగా ఉన్నది ఏది కొట్టినా అచ్చులో సున్నే. విసర్గ బదులు కోలన్ పెట్టినా ఎవరికీ తెలియదు. 'మ' చేయడానికి 'వ' పక్కన కొమ్ము తగిలించినా అచ్చులో చక్కటి 'మ'. మార్చాక ఇవన్నీ బయటపడతాయి. 'మంచి' కాస్తా 'వుంచి' అవుతుంది, అర్థం ఉన్న మాటే కాబట్టి ప్రూఫులు దిద్దేవారి కన్ను దాని మీదుగా జారిపోతుంది.

అందుకని చదవడం మొదలుపెట్టకముందే వెతుకులాట పూర్తి చేయండి. ఫైలులో మిగిలిపోయిన ఇంగ్లీషు అక్షరాలు వెతకండి. తెలుగు అంకెల్లోని సున్నా (౦), అనుస్వారం (ం) చూడ్డానికి ఒకటే, సంకేతాలు వేరు. మాటల మధ్య అంకె దూరి ఉంటే పట్టుకుని మార్చండి. అక్షరానికి అతికి కోలన్ ఉంటే 'దు:ఖం' వంటివి దొరుకుతాయి. 'మెుదటి', 'యెుక్క' అని ఎత్వానికి కొమ్ము తగిలించినవి 'మొదటి', 'యొక్క'లలా కనిపించినా వెతికితే దొరకవు, ఎత్వం పక్కన కొమ్ము ఉన్న ప్రతిచోటా ఒత్వం పెట్టించండి. ఇక చుక్కల సున్నా. హల్లు లేకుండా గుణింతపు గుర్తు ఒంటరిగా మిగిలితే సాఫ్ట్‌వేరు దాని పక్కన చుక్కలతో చేసిన చిన్న వలయం చూపిస్తుంది. అది కనిపించిన చోట మార్పిడి చెడిందని నమ్మకంగా చెప్పొచ్చు. ఇంతా అయ్యాక కూడా అచ్చయిన పాత పుస్తకం పక్కన పెట్టుకుని ఒకసారి పూర్తిగా చదవక తప్పదు. కన్వర్టరు ఉంది కదా, ప్రూఫు రీడరెందుకని అడిగే ప్రచురణకర్తకు ఆ 'వుంచి'ని చూపించండి.

యూనికోడ్ పేజీ కట్టడం

మేటరు యూనికోడ్‌లోకి వచ్చాక ఇన్‌డిజైన్‌లో పోస్తే వత్తులు కింద పడకుండా పక్కన నిలబడ్డాయా? చాలామంది ఇక్కడే విసిగిపోయి మళ్లీ అనుకు వెళ్లిపోతారు. పారాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో 'అడోబీ వరల్డ్-రెడీ పారాగ్రాఫ్ కంపోజర్' ఎంచుకోండి, వత్తులు దిగుతాయి. ఏ డాక్యుమెంటూ తెరవకుండా ఆ మార్పు చేస్తే ఇక మీదట చేసే ప్రతి ఫైలుకూ అదే వర్తిస్తుంది. ఇలస్ట్రేటర్‌లో ప్రిఫరెన్సెస్‌లో టైప్ కింద ఇండిక్ ఆప్షన్లు చూపించమని టిక్కు పెట్టాలి. డబ్బు పెట్టలేనివాళ్లకు స్క్రైబస్ 1.6 ఉంది, ఉచితం, తెలుగు వత్తులను సరిగ్గానే కడుతుంది.

ఫాంట్లు లేవన్న ఫిర్యాదు ఇప్పుడు సగమే నిజం. తిరుమల కృష్ణ దేశికాచార్యులు చేసిన పోతన, వేమన ఫాంట్లు చాలాకాలంగా ఉన్నాయి. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, సూరన్న, గిడుగు, గురజాడ, పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ, శ్రీకృష్ణదేవరాయ అని ఒక భువన విజయమే కొలువుదీరి ఉంది. స్వేచ్ఛా లైసెన్సుతో ఇచ్చినవి కాబట్టి అచ్చు పుస్తకానికి నిశ్చింతగా వాడుకోవచ్చు. సెంటర్లలో పైరసీ అను మీద ఏళ్ల తరబడి బతికిన మనకు ఇది అలవాటు లేని సుఖం.

నిజమైన మిగతా సగం లావు అక్షరాల సంగతి. ఈ ఉచిత ఫాంట్లలో చాలావాటికి ఒకే బరువు ఉంది, బోల్డ్ లేదు. వర్డ్‌లో బోల్డ్ నొక్కితే అది అక్షరాన్ని ఉబ్బించి దొంగ బోల్డ్ చేస్తుంది, తలకట్లు పూడుకుపోతాయి. ఇన్‌డిజైన్ ఆ పని చేయదు. కాబట్టి ఉపశీర్షికలకు వేరే లావు ఫాంటు జత చేసుకోవాలి, లేదా అనేక బరువుల్లో వచ్చే నోటో సెరిఫ్ తెలుగు లాంటిది ఎంచుకోవాలి. శీర్షికలకు రామభద్ర బాగుంటుంది. మూడు వందల పేజీల నవల పొడుగునా చదివించాలంటే మాత్రం, నా మట్టుకు, పాత అను అక్షరాలంత హాయిగా కంటికి ఆనే యూనికోడ్ ఫాంటు ఇంకా రావాల్సే ఉంది. కొన్ని కంపెనీలు తమ ఫాంట్లను యూనికోడ్‌లోనూ అమ్ముతున్నాయి, స్తోమత ఉంటే అవి కొనుక్కోవడంలో తప్పేమీ లేదు.

లైన్ల మధ్య ఎడం సంగతి మరిచిపోకండి. ఇన్‌డిజైన్ తనంతట తానిచ్చే లీడింగు 120 శాతం, అంటే 12 పాయింట్ల అక్షరానికి 14.4. ఇంగ్లీషుకు అది చాలు. మనకు పై లైనులో 'రాష్ట్రం' క్రారవడి, కింది లైనులో ఎవరి గుడినో తాకుతుంది. 17తోనో 18తోనో మొదలుపెట్టి ఒక పేజీ ప్రింటు తీసి చూడండి. తెర మీద చూసి తేల్చకండి. పాత ఫాంటులో ఉన్న పాయింటు అంకెనే కొత్త ఫాంటుకూ ఇవ్వకండి. అంకె ఒకటే అయినా అక్షరం పరిమాణం ఫాంటు ఫాంటుకూ మారుతుంది.

వేళ్లు, అలవాట్లు

అనుతో వాడే 'యాపిల్' అనే కీబోర్డు అమరికలో పాతికేళ్లు కొట్టిన చేతికి ఇప్పుడు ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోమని చెప్పడం అన్యాయం. ఇన్‌స్క్రిప్ట్ మంచిదే. కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో భారతీయ భాషలకు ఒకే అమరికగా తెచ్చింది, విండోస్‌లో ఉచితంగా ఉంది, కొత్తగా నేర్చుకునే పిల్లలకు దాన్నే నేర్పండి. కానీ మీ వేళ్ల వేగం మీ ఆస్తి. యాపిల్ అమరికలోనే కొడితే యూనికోడ్ వచ్చే కీబోర్డు సాధనాలు ఉన్నాయి. వాటిని వేసుకుని, మారాల్సింది ఫాంటు గాని వేళ్లు కాదని మీ సెంటరులో పెద్దవాళ్లకు నచ్చజెప్పండి. కొత్త కుర్రాడు ఫోనులో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టి పంపిస్తున్నాడని నవ్వకండి, అతను పంపింది యూనికోడే.

వేళ్లు మారనక్కర్లేదు గాని ఒక అలవాటు మారాలి. కొన్ని ప్రెస్సులు, కొన్ని పత్రికలు ఇప్పటికీ "అనులో పంపండి" అంటాయి. పంపండి. యూనికోడ్ నుంచి అనుకు మార్చే సాధనాలూ ఉన్నాయి, అచ్చుకు వెళ్లే చివరి అంచెలో మార్చి ఇవ్వండి. గొడవల్లా ఆ తర్వాత వస్తుంది. ప్రూఫులు వస్తాయి, రచయిత ఎర్ర సిరాతో దిద్దుతాడు, ఆ దిద్దుబాట్లన్నీ పేజ్‌మేకర్ పేజీలోనే జరిగిపోతాయి. పుస్తకం వస్తుంది. యూనికోడ్ ప్రతి మాత్రం తప్పులతో అలాగే ఉండిపోతుంది. రెండేళ్లకు ఈబుక్ చేద్దామని ఆ ప్రతి తెరిస్తే అచ్చులో లేని తప్పులన్నీ అందులో ఉంటాయి. అందుకే ప్రతి దిద్దుబాటూ ముందు యూనికోడ్ ప్రతిలో, తర్వాతే పేజీలో. రెండుసార్లు చేయడం దండగ అనిపిస్తుంది. మళ్లీ కంపోజ్ చేయించి, మళ్లీ ప్రూఫులు చూడటంతో పోలిస్తే ఇది పెద్ద పనేమీ కాదు.

పని అయ్యాక ఒక ఫోల్డరులో ఇవి ఉండాలి: అసలు ఫైలు, అందులో వాడిన ప్రతి ఫాంటూ, ఫాంట్లు ఎంబెడ్ చేసిన పీడీఎఫ్, దిద్దుబాట్లన్నీ ఎక్కిన యూనికోడ్ మేటరు. ఫైలు పేరులోనే ఫాంటు పేరూ వెర్షనూ రాసి పెట్టండి. సీడీ మీద ఒక్క కాపీ ఉందని ధీమా పడకండి, పాత సీడీలు చదవడానికి మెషీన్లలో డ్రైవులే ఉండటం లేదు.

రచయితలకు ఒక మాట. ఈసారి పుస్తకం అచ్చుకిచ్చేటప్పుడు, అడ్వాన్సు చేతిలో పెట్టకముందే, పీడీఎఫ్‌తో పాటు చివరి దిద్దుబాట్లతో యూనికోడ్ మేటరు కూడా ఇస్తారా అని అడగండి. ఒప్పుకుంటే బిల్లు మీద రాయించుకోండి. దానికి విడిగా రేటు చెబితే బేరమాడకండి.